ఎడ్గార్ కాడ్: పట్టికల వివరం పట్టికలలోనే ఉండవలెనన్న గణితవేత్త

కళాశాల గ్రంథాలయంలో తొలిసారి అడుగుపెట్టిన విద్యార్థి తిన్నగా బీరువాల వద్దకు పోడు. తలుపు ప్రక్కన బల్లపై నున్న గ్రంథాల పట్టికను తెరచి, తనకు కావలసిన పుస్తకం ఉన్నదా, ఉన్నచో ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో చూచుకొని, ఆ పిదపనే లోనికి నడుస్తాడు. ఆ పట్టిక కూడ ఒక పుస్తకమే. పుస్తకాలు చదువగలవాడు దానినీ చదువగలడు. ఇందులో వింత ఏమున్నదని ఎవరైనా అడుగవచ్చు. ఆ పట్టిక గ్రంథపాలకునికి మాత్రమే తెలిసిన ఏదో లిపిలో వ్రాయబడి ఉన్నదని ఒక్క క్షణం ఊహించుకొందాము. ఆయన సెలవు పెట్టిన నాడు వేల పుస్తకాలు కండ్ల యెదుట ఉండి కూడ లేనట్లే. 1960ల నాటి పెద్ద కంప్యూటర్లలో నిలువచేసిన సమాచారం ఇంచుమించు ఇట్టి స్థితిలోనే ఉండేది. ఆ స్థితిని మార్చిన వారిలో మొదట చెప్పుకోదగిన పేరు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్.

తెలుగు పాఠం చెప్పుకొనే వారికి కంప్యూటర్ శాస్త్రజ్ఞుని జీవితంతో ఏమి పని అని మిత్రులు కొందరు మమ్ము అడిగారు. కారణం చెప్పి ముందుకు సాగుతాము. కొన్ని ఏండ్ల క్రిందట, మేము అప్పుడు పనిచేస్తున్న చోట, విద్యార్థుల ఉపకారవేతనాల వివరాలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో నమోదై ఉండేవి. దానిని తయారుచేసి ఇచ్చిన సంస్థ మూతపడింది. తెర మీద కనిపించే మూడు నాలుగు నివేదికలు తప్ప మరొక విధంగా ఆ వివరాలను బయటకు తీసే ఉపాయం ఎవరికీ తెలియదు. పంపవలసిన జాబితాకు గడువు దగ్గర పడింది. పేరు జాబితాలో లేకున్న యెడల ఆ యేడు రుసుము కట్టలేక చదువు మానుకొనే పిల్లలు అందులో ఉన్నారు. కంప్యూటర్ శాఖలోని ఒక యువ సహోద్యోగి ఆ సాయంకాలం యంత్రం ముందు కూర్చుండి, ఆ డేటాబేస్‌నే ప్రశ్నించాడు. నీలో ఏయే పట్టికలున్నవి, ఒక్కొక్క పట్టికలో ఏయే గడులున్నవి అని. అది వరుసగా జవాబు చెప్పింది. రాత్రికి జాబితా సిద్ధమైంది. తనను గూర్చి తానే చెప్పుకొనే ఈ విద్య యంత్రానికి ఎవరు నేర్పారని మేము అడిగితే అతడు మొదట చెప్పిన పేరు కాడ్. ఆ రోజు మొదలైన ఆసక్తి ఫలితమే ఈ వ్యాసం.

కాడ్ 1923 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించాడు. ఏడుగురు సంతానంలో కడగొట్టువాడు. తండ్రి తోలు వస్తువుల తయారీదారు, తల్లి బడిపంతులమ్మ. పూల్ పట్టణంలోని గ్రామర్ స్కూలులో చదివి, ఉపకారవేతనం పొంది ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సిటర్ కళాశాలలో చేరి గణితం, రసాయనశాస్త్రం అభ్యసించసాగాడు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం. విద్యార్థిగా ఉండి యుద్ధం తప్పించుకొనే వీలున్నప్పటికీ ఆయన స్వచ్ఛందంగా రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరి, తీర రక్షణ దళంలో సండర్లాండ్ అనే పెద్ద నీటి విమానాలను నడిపాడు. శిక్షణ నిమిత్తం అమెరికా పంపబడటం, ఆ దేశం పట్ల ఆకర్షణ కలగటం ఈ కాలంలోనే జరిగాయి. యుద్ధం ముగిసిన పిదప ఆక్స్‌ఫర్డ్‌కు మరలి వచ్చి, 1948లో పట్టం పుచ్చుకొని, అదే యేడు అమెరికాకు ఓడ ఎక్కాడు.

పట్టభద్రులై ఉద్యోగం కోసం తిరుగుతున్న మన విద్యార్థులకు ఈ ఘట్టం కొంత ఊరట నిస్తుందేమో. ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు న్యూయార్క్ నగరంలో మేసీస్ అనే పెద్ద దుకాణంలో మగవారి క్రీడాదుస్తులు అమ్మే గుమాస్తాగా కొంతకాలం నిలబడ్డాడు. తరువాత టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఆరు నెలలు గణిత ఉపన్యాసకుడుగా ఉన్నాడు. 1949లో ఐబీఎం సంస్థలో ప్రోగ్రాములు వ్రాసే గణితవేత్తగా చేరాడు. అప్పటి ఐబీఎం యంత్రం ఒక పెద్ద గదినంతటిని ఆక్రమించి, వేలకొలది వాక్యూమ్ ట్యూబులతో వెలుగుతూ, రిలేల చప్పుడుతో మ్రోగుతూ ఉండేది. దాని కోసం లెక్కలు కూర్చటంతో ఆయన కంప్యూటర్ జీవితం ఆరంభమైంది.

1953లో ఆయన చేసిన పని ఆయన స్వభావాన్ని తెలియజేస్తుంది. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ఆ కాలంలో కమ్యూనిస్టులనే అనుమానంతో ఉద్యోగులను, అధ్యాపకులను, కళాకారులను విచారణలకు ఈడ్చి అవమానిస్తున్నాడు. కాడ్ మీద ఎవరూ నేరం మోపలేదు. అయినను ఆ వాతావరణం సహింపలేక, మంచి ఉద్యోగం వదులుకొని కెనడాలోని అట్టావాకు తరలిపోయాడు. అక్కడ నాలుగేండ్లు మరొక సంస్థలో సమాచార విభాగం నడిపాడు. తన పాత అధికారి అనుకోకుండా తారసపడటంతో 1957లో తిరిగి ఐబీఎం చేరాడు. తనకు సరికాదని తోచిన దానిని వదిలి పోవటం, సరియని తోచిన దానికోసం తన సంస్థతోనే కలహించటం, ఈ రెండు గుణాలూ ఆయనలో చివరిదాక కనిపిస్తాయి.

మరల వచ్చిన తరువాత స్ట్రెచ్ అనే మహాయంత్రం రూపకల్పనలో పాల్గొని, ఒకే కంప్యూటర్‌పై పలు ప్రోగ్రాములు ఒకదాని నొకటి చెరపకుండా నడిచే పద్ధతిని తన బృందంతో సాధించాడు. 1961లో సంస్థ ఇచ్చిన విద్యార్థివేతనంతో యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1965లో డాక్టరేటు పొందాడు. అప్పటికి వయస్సు నలుబది దాటింది. తనను పోలిన దానిని తానే నిర్మించుకొనగల యంత్రం సాధ్యమా అన్నది పరిశోధన విషయం. గడులుగా విభజించిన తలంపై ఒక్కొక్క గడికి 29 స్థితులు కల్పించి ఇది సాధ్యమేనని జాన్ ఫాన్ నాయ్మన్ అంతకు ముందే చూపి ఉన్నాడు. కాడ్ దానిని 8 స్థితులతోనే సాధించవచ్చునని నిరూపించాడు. 1968లో ఈ పరిశోధన గ్రంథరూపంలో వెలువడింది. తనను తాను నిర్మించుకొనే యంత్రాన్ని గూర్చి ఆలోచించిన మనస్సే తరువాత తనను తాను వర్ణించుకొనే డేటాబేస్‌ను కోరటం యాదృచ్ఛికం కాదని మాకు తోస్తుంది. ఇది కేవలం మా ఊహ. దీనికి సాక్ష్యం అడిగితే మేము చూపలేము.

ఇక అసలు కథ. పట్టా పుచ్చుకొన్న కొద్ది యేండ్లకు ఆయన కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్న ఐబీఎం పరిశోధనశాలకు చేరాడు. అప్పటి డేటాబేస్‌ల స్థితిని కొంచెం వివరించటం అవసరం. ఐబీఎం వారి ఐఎంఎస్ అనే వ్యవస్థ చంద్రయానానికి ఉపకరించిన అపోలో పథకం కోసం పుట్టినది. అందులో సమాచారం వంశవృక్షం వలె అమర్చబడి ఉండేది. తండ్రి నుండి కొడుకుకు, కొడుకు నుండి మనుమనికి దిగినట్లు ప్రోగ్రాము వ్రాసేవాడు మెట్లు దిగి వెళ్ళి కావలసిన వివరం తెచ్చుకోవలెను. చార్లెస్ బాక్‌మన్ అనే మరొక మేధావి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రూపొందించిన పద్ధతిలో సమాచారం వలవలె అల్లుకొని ఉండేది. అక్కడ కూడ ముడి నుండి ముడికి దారి వెదకుతూ పోవలసినదే. దారి ఎవరికి తెలియునో వారే ప్రభువులు.

అంతకంటె మన విషయానికి ముఖ్యమైనది మరొకటి కలదు. ఏ భాగం క్రింద ఏ భాగమున్నది, దేని పొడవెంత, దేనిని ఏ పేరుతో పిలువవలెను అన్న వర్ణన, అనగా ఈనాడు మెటాడేటా అని మనం పిలిచేది, ఆ సమాచారంతో పాటు ఒకే రూపంలో ఉండేది కాదు. ఐఎంఎస్‌లో దానిని ప్రత్యేకమైన ఆజ్ఞలతో వ్రాసి, యంత్రభాషలోకి మార్చి, వేరుగా పెట్టేవారు. కోబాల్ ప్రోగ్రాములలో అయితే ప్రతి ప్రోగ్రాములోను తొలి భాగాన ఆ వర్ణనను మరల మరల వ్రాసేవారు. ఒకచోట మార్చి మరొకచోట మరచిన యెడల ఏమగునో చెప్పనక్కరలేదు. జీతం లెక్క అడుగటానికి ఒక భాష, జీతం అనే గడి ఎక్కడున్నదో అడుగటానికి వేరొక భాష. ఒక్కొక్కప్పుడు భాషయే లేదు, దానిని కట్టిన మనిషిని పట్టుకొని అడుగవలసినదే. మా మూతపడిన సంస్థ గుర్తుకు రాక మానదు.

కాడ్ గణితవేత్త కనుక ఈ గజిబిజిలో ఆయనకు లోపించినదిగా కనిపించినది సిద్ధాంతం. గణితంలో సమితుల మధ్య సంబంధమనే భావన ఒకటి కలదు. ఒక సంబంధాన్ని వ్రాసి చూపితే అది పట్టికవలె ఉంటుంది: అడ్డు వరుసలలో వ్యక్తులో వస్తువులో, నిలువు వరుసలలో వారి లక్షణాలు. సమాచారమంతటిని ఇట్టి పట్టికలుగా మాత్రమే చూపవలెనని, లోపల యంత్రం దానిని ఏ విధంగా దాచుకొన్నదో అడిగేవానికి తెలియవలసిన పని లేదని, దారి చెప్పకుండా కావలసినది మాత్రమే చెప్పగలిగే భాష ఉండవలెనని ఆయన ప్రతిపాదించాడు. 1969లో ఐబీఎం అంతర్గత నివేదికగాను, 1970 జూన్‌లో అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం మాసపత్రికలో పదకొండు పుటల వ్యాసంగాను ఇది వెలువడింది. లక్షల పుటల అనుబంధ సాహిత్యానికి మూలమైన వ్యాసం పదకొండు పుటలదే అన్నది పరిశోధన చేసే మన విద్యార్థులు గమనింతురు గాక.

సొంత సంస్థ ఆనందించి ఉండునని అనుకొంటే పొరపాటు. ఐఎంఎస్ ఐబీఎంకు ధనం తెచ్చిపెడుతున్న సరుకు. దానికి పోటీగా ఇంటిలోనే పుట్టిన సిద్ధాంతాన్ని వారు ఎట్లు ముద్దుచేస్తారు? కాడ్ వెనుకకు తగ్గలేదు. ఉపన్యాసాలలో, వ్యాసాలలో తన వాదాన్ని బాహాటంగా వినిపిస్తూనే వచ్చాడు. 1974లో, తాను డాక్టరేటు పొందిన యాన్ ఆర్బర్ పట్టణంలోనే, బాక్‌మన్ ప్రక్షానికి ఆయన ప్రక్షానికి బహిరంగ వాదప్రతివాదాలు జరిగాయి. బాక్‌మన్ అంతకు ముందు యేడే ట్యూరింగ్ పురస్కారం పొంది ఉన్నవాడు. డేటాబేస్‌లో దారి వెదకుతూ పోయే ప్రోగ్రామరును ఆయన నావికునితో పోల్చాడు. కాడ్ కోరినది నావికుని అవసరమే లేని ప్రయాణం. ఆ సభ నుండి ఎవరూ ఓడి ఇంటికి పోలేదు. కాలం మాత్రం కాడ్ వైపు మొగ్గింది.

ఆ సమయానికే శాన్ హోసేలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం ఆరంభమైంది. డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనే ఇద్దరు యువకులు గణిత చిహ్నాలకు బదులు సామాన్యమైన ఆంగ్ల పదాలతో పట్టికలను ప్రశ్నించే భాషను రూపొందించారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. బాయ్స్ ఆ 1974లోనే యౌవనంలో మరణించాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఇంగ్రెస్ అనే మరొక వ్యవస్థను నిర్మించారు. ఈ రెండు చోట్లను సిద్ధాంతం చేతలోకి వచ్చినప్పుడు ఒక చక్కని విషయం సహజంగా సిద్ధించింది. వ్యవస్థలో ఏయే పట్టికలున్నవో వ్రాసి పెట్టుకొనటానికి వేరే రూపం ఎందుకు? అది కూడ ఒక పట్టికయే. పట్టికల పేర్లకు ఒక పట్టిక, నిలువు వరుసల పేర్లకు ఒక పట్టిక. విద్యార్థుల మార్కులను ఏ భాషలో అడుగుదుమో ఆ భాషలోనే మార్కుల పట్టిక ఎక్కడున్నదని అడుగవచ్చును.

మా శాస్త్రంలో దీనికి సాటి యైన విషయం ఒకటి చెప్పుకొంటే విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. నన్నయ పేర ప్రచారంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి తెలుగు వ్యాకరణమే గాని వ్రాసినది సంస్కృతంలో. తెలుగు ఎట్లున్నదో తెలిసికొనగోరిన తెలుగువాడు ముందు సంస్కృతం నేర్చి రావలెను. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగును గూర్చిన సూత్రాలను తెలుగులోనే చెప్పాడు. సూత్రాలు కఠినమే కావచ్చు, వాటితో తలపడి అలసిన విద్యార్థులు మా తరగతిలోనే ఉన్నారు. కాని వేరొక భాష గుమ్మం దాటి రావలసిన అవసరం తొలగింది. ఐఎంఎస్ నాటి వర్ణన చింతామణి వంటిది. కాడ్ కోరిన వర్ణన బాలవ్యాకరణం వంటిది.

1976లో ఆయన ఐబీఎం ఫెలో అయ్యాడు. 1979లో తన నమూనాకు మరింత అర్థాన్ని చేర్చే ప్రయత్నంగా ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. అదే యేడు ఒరాకిల్ సంస్థ, అప్పటికి వేరొక పేరుతో ఉన్న చిన్న సంస్థ, ఐబీఎం వారు ప్రకటించిన పరిశోధన వ్యాసాలను చదివి ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను బజారులోకి తెచ్చింది. కన్నవారి కంటె పొరుగువారు ముందు పెండ్లి చేసినట్లయింది. ఐబీఎం 1981లో ఒక సరుకును, 1983లో డీబీ2 అనే ప్రధానమైన సరుకును తెచ్చింది. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 1984లో ఐబీఎం నుండి విరమించి, తన భావాలకు వ్యాఖ్యాతగా పేరొందిన క్రిస్ డేట్ మొదలైన వారితో కలిసి సలహాల సంస్థ స్థాపించాడు.

అప్పటికి రిలేషనల్ అన్న మాట వ్యాపారుల నోట పడి అర్థం కోల్పోతున్నది. పాత వలకు పై పూత పూసి, ఇదియూ రిలేషనల్ అని అమ్మేవారు బయలుదేరారు. దీనికి కాడ్ ఇచ్చిన సమాధానమే ఆయన పన్నెండు సూత్రాలు. 1985 అక్టోబరులో కంప్యూటర్‌వరల్డ్ పత్రికలో రెండు భాగాలుగా ఇవి అచ్చయ్యాయి. వీటికి ముందు సున్న సంఖ్యతో మరొకటి ఉన్నందున నిజానికి పదమూడు. ఏ డేటాబేస్ నిజమైన రిలేషనల్, ఏది నామమాత్రం అని పరీక్షించే గీటురాయి అవి.

మొదటి సూత్రంలోనే ఆయన ఒక మాట స్పష్టం చేశాడు. సమాచారమంతా పట్టికలలో విలువలుగానే ఉండవలెను. చివరకు పట్టికల పేర్లు, గడుల పేర్లు కూడ ఏదో ఒక పట్టికలో అక్షరాలుగా ఉండవలెను. నాల్గవ సూత్రం దీనిని సంపూర్ణం చేస్తుంది. డేటాబేస్ వర్ణన సామాన్య సమాచారం ఉన్న రూపంలోనే ఉండవలెను, అధికారం గల వారు సామాన్య సమాచారాన్ని ప్రశ్నించే భాషతోనే దానినీ ప్రశ్నింపగలగవలెను. దీనివలన ప్రోగ్రాము వ్రాసేవాడైనా, దానిని వాడుకొనే గుమాస్తా అయినా ఒక్క పద్ధతి నేర్చుకొంటే చాలునని, పైగా తమకు అవసరమైన వివరాలను ఆ సూచీకి తామే చేర్చుకొని పెంచుకోవచ్చునని ఆయన వివరించాడు. పన్నెండింటిలో తక్కినవి అనేకం పండితుల చర్చలకు పనికివచ్చేవి. ఈ నాల్గవది సామాన్యునికి హక్కు నిచ్చేది. నా వివరాలు నీ దగ్గర ఏయే గడులలో ఉన్నవి అని అడుగటానికి, కట్టినవాని దయ అవసరం లేదు.

అయితే నాల్గవ సూత్రంలో ఒక వెలితి ఉండిపోయింది. సూచీ పట్టికలలో ఉండవలెనన్నాడు గాని, ఆ పట్టికల పేర్లు ఏవో ఆయన శాసించలేదు. ఫలితంగా ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకొన్నారు. ఒరాకిల్‌లో యూజర్ టేబుల్స్, ఆల్ టేబుల్స్ అన్నారు. డీబీ2లో సిస్ టేబుల్స్ అన్నారు. మైక్రోసాఫ్ట్ వారి సర్వర్‌లో సిస్ ఆబ్జెక్ట్స్ అన్నారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ క్లాస్ అన్నారు. వస్తువు ఒకటే, నామాలు వేరు. పొలం వివరాల దస్తరాన్ని ఆంధ్రలో అడంగల్ అని, తెలంగాణలో పహాణీ అని పిలువటం మన పెద్దలకు తెలుసు. ఒక ప్రాంతపు గుమాస్తా మరొక ప్రాంతానికి పోయి తొలినాడు తికమకపడటం కూడ తెలుసు. ఒక డేటాబేస్ నేర్చినవాడు మరొక దాని ముందు కూర్చున్నప్పటి అవస్థ అదే. జాబితా, ఫిరిస్తు అన్న మాటలను ఉర్దూ నుండి తెలుగు తెచ్చుకొని ఇరుభాషల వారూ ఒకే మాటతో పని జరుపుకొన్నట్లు, ఇక్కడ కూడ ఒక ఉమ్మడి మాట కావలసి వచ్చింది.

ఎస్‌క్యూఎల్ భాషకు అమెరికా ప్రమాణాల సంస్థ 1986లో, అంతర్జాతీయ సంస్థ 1987లో తొలి ప్రమాణం ఏర్పరచాయి. అందులో సూచీ ప్రసక్తి లేదు. 1992 ప్రమాణంలో ఆ లోటు తీరింది. ఇన్ఫర్మేషన్ స్కీమా అనే పేరుతో ప్రతి డేటాబేస్‌లోను ఒక ప్రత్యేక విభాగం ఉండవలెనని, అందులో టేబుల్స్ అన్నది పట్టికల పేర్లను, కాలమ్స్ అన్నది గడుల పేర్లను, వాటి క్రమాన్ని, రకాన్ని చూపవలెనని, మరికొన్ని నిబంధనలను, అధికారాలను చూపవలెనని నిర్ణయించారు. ఇవి నిజమైన పట్టికలు కావు, లోపలి సూచీపై తెరచిన కిటికీలు. లోపల ఎవరి ఏర్పాటు ఎట్లున్నా, కిటికీ నుండి కనిపించే దృశ్యం అందరికీ ఒకటే. ఎవరికి ఏ పట్టిక చూచే అధికారం లేదో ఆ పట్టిక పేరు కూడ వారికి ఆ కిటికీలో కనిపించదు. కాడ్ అధికారం గల వారు అని పెట్టిన షరతు ఇక్కడ నెరవేరింది.

ప్రమాణం వ్రాయటం వేరు, పాటించటం వేరు. మైక్రోసాఫ్ట్ వారు 1998లో, పోస్ట్‌గ్రెస్ వారు 2003లో, మైఎస్‌క్యూఎల్ వారు 2005లో దీనిని చేర్చారు. ఒరాకిల్ వారు నేటికీ తమ పాత నామాలతోనే ఉన్నారు. మన చేతిలోని ఫోనులలో ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ కూడ తన సొంత సూచీనే నమ్ముకొన్నది. పాటించిన వారిలో సైతం ఒక్కొక్కరు తమకు కావలసిన గడులను అదనంగా చేర్చుకొన్నారు. ఈ తేడాల నుండి ప్రోగ్రాములు వ్రాసేవారిని కాపాడటానికి ఓడీబీసీ 1992లోను, జావా వారి జేడీబీసీ 1997లోను పుట్టాయి. పట్టికల పేర్లు చెప్పుమని ఒకే విధంగా అడిగితే, ఆయా డేటాబేస్‌ల సొంత పేర్లలోకి మార్చి అడిగి తెచ్చే దుబాసీలు అవి. దుబాసీ ఉన్నచోట ఉమ్మడి భాష ఇంకా పూర్తిగా కుదరలేదనే అర్థం. హైదరాబాదులోను, విదేశాలలోను ఈ వృత్తిలో ఉన్న మన పూర్వవిద్యార్థులు ఈ మాట విని నవ్వుకొంటారు. వారి రోజువారీ శ్రమలో కొంత భాగం ఇదే.

ఇంకొక పరిమితి కూడ దాచకుండా చెప్పవలెను. సూచీ పేరు చెబుతుంది, రకం చెబుతుంది, భావం చెప్పదు. మా ఉపకారవేతనాల పట్టికలో ఎఫ్4 అని ఒక గడి కనిపించింది. యాభై అక్షరాల పొడవు అని కూడ సూచీ చెప్పింది. అది తండ్రి పేరో, రుసుము రకమో, కళాశాల పేరో తెలియటానికి లోపలి విలువలను చూచి ఊహింపవలసి వచ్చింది. పేరు పెట్టినవాడు శ్రద్ధగా పెట్టి ఉంటే ఆ రాత్రి మరి రెండు గంటలు ముందుగా ఇల్లు చేరి ఉండేవారము.

కాడ్ తన విజయాన్ని సంతోషంగా అనుభవించిన వాడని చెప్పలేము. లోకమంతా ఎస్‌క్యూఎల్ తన సిద్ధాంతపు ఫలమని మెచ్చుకొంటూ ఉంటే, ఆ భాషలో ఘోరమైన దోషాలున్నవని 1988లో ఆయనే వ్యాసాలు వ్రాశాడు. ఒకే వరుస రెండుసార్లు ఉండటానికి అది అనుమతిస్తున్నదని, సమితులలో అది పొసగదని ఆయన ఆక్షేపణ. 1990లో తన నమూనాకు రెండవ రూపం ప్రకటిస్తూ, పన్నెండు సూత్రాలను 333 లక్షణాలుగా పెంచి పెద్ద గ్రంథం వ్రాశాడు. పన్నెండు అందరూ జ్ఞాపకం పెట్టుకొన్నారు. మూడు వందల ముప్పది మూడు ఎవరూ పెట్టుకోలేదు. 1993లో వ్యాపార విశ్లేషణకు సంబంధించి ఓలాప్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన వ్యాసం ఆయన పేరుతో వచ్చింది. దానికి ఒక వ్యాపార సంస్థ ధనసహాయం చేసిన సంగతి తరువాత బయటపడి విమర్శ వచ్చింది. ఉద్యోగం వదులుకొని దేశం విడిచిన మనిషి జీవితంలో ఈ మచ్చ మాకు బాధ కలిగించింది. జీవితచరిత్ర వ్రాసేటప్పుడు దీనిని విడిచిపెట్టటం ధర్మం కాదు.

ఆయన 1990లో రెండవ వివాహం చేసుకొన్నాడు. భార్య షారన్ కూడ గణితం తెలిసినవారు, ఐబీఎంలో పనిచేసినవారు. చివరి రోజులు ఫ్లోరిడాలో గడిచాయి. 2003 ఏప్రిల్ 18న విలియమ్స్ ఐలండ్‌లోని స్వగృహంలో గుండె వైఫల్యంతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 79.

ఆ యేడు చివరలోనే రెండు పనులు జరిగాయి. నవంబరులో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 7.4లో ఇన్ఫర్మేషన్ స్కీమా తొలిసారి చేరింది. అదే సంవత్సరపు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో, అంతకు ముందు వేరే భాగంలో ఇమిడి ఉన్న సూచీ వివరాలను విడదీసి, పదకొండవ భాగంగా ప్రత్యేక సంపుటం చేశారు. మా సహోద్యోగి ఆ సాయంకాలం ప్రశ్నించినది ఆ పోస్ట్‌గ్రెస్‌నే. అతడు మొదట టైపు చేసిన వాక్యం ఒక్క పంక్తి మాత్రమే. ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ నుండి పట్టికల పేర్లు తెమ్మని. క్షణంలో నలుబదికి పైగా పేర్లు తెరమీద వరుసగా దిగాయి. పదకొండవ పేరు ఉపకారవేతనాలది.